నూకలపేట మునిసిపాలిటీ వారి అధికారిక నాస్తికుడు

నాకు దేవుడితో గొడవేమీ లేదు. ఆయన లేడు, నేనున్నాను. ఇద్దరికీ దారి సరిపోతుంది.

గొడుగులు, టార్చిలైట్లు బాగుచేయడం నా పని. నూకలపేట బజారులో, బట్టలకొట్టు మెట్ల పక్కన నా బల్ల. టార్చి వెలగడం లేదని ఎవరైనా తెస్తే సెల్లన్నా అయిపోయి ఉంటుంది, బల్బన్నా మాడిపోయి ఉంటుంది, స్విచ్చన్నా తుప్పు పట్టి ఉంటుంది. నాలుగో కారణం నా బల్ల మీదకి ఇంతవరకూ రాలేదు. వస్తే నమ్ముదామనే కూర్చున్నాను. మూడో తరగతితో చదువు ఆగిపోయింది కాబట్టి అంతకంటే లోతుగా ఆలోచించే అలవాటు లేదు. మాట్లాడే అలవాటు అసలే లేదు.

మా ఆవిడ పైడమ్మకి దేవుడూ ఉన్నాడు, మాటలూ ఉన్నాయి.

మాది కొండవీధి. వీధంతా మెట్లే. కుళాయి అడుగున ఉంటుంది, మా ఇల్లు పైన ఉంటుంది. కుళాయి తెల్లారకముందే వచ్చి, జనం కళ్ళు నులుముకునేలోపు పోతుంది. ఇంటికి కావలసిన నీళ్ళన్నీ నేనే మోస్తాను, ఒక్క బిందె తప్ప. అది దేవుడి బిందె. ఆ ఇత్తడి బిందె నీళ్ళతోనే పూజ. అది ఆవిడే మొయ్యాలి.

"అదీ నేనే తెస్తానులే," అన్నానొకసారి.

"నువ్వా? నమ్మనోడి సేతి నీళ్ళు ఆయనకెలా పోస్తానయ్యా? ముట్టడు."

లేనివాడు ముట్టకపోవడంలో వింతేముంది అనబోయి ఊరుకున్నాను. ఆవిడ మోకాళ్ళు అరిగిపోయాయి. మెట్లెక్కవద్దని డాక్టరు చెప్పాడు. ఆ డాక్టరు కొండవీధి చూడలేదు.

ఇలా ఉండగా మునిసిపాలిటీ వాళ్ళు మా వీధి చివర, కొండ మీద నీళ్ళ ట్యాంకు కట్టారు. నీలం రంగు వేశారు. ఇంటింటికీ గొట్టం వేసి కుళాయి బిగించారు. ట్యాంకు నింపారు. నీళ్ళు మాత్రం వదల్లేదు. కారణం సాంకేతికమైనదే. ట్యాంకు కింద వాల్వు చక్రం మీద మొదట చెయ్యి వేసిన ఇంజనీరుకి ఆ సాయంత్రమే మన్యానికి బదిలీ ఉత్తర్వు వచ్చింది. తర్వాత చెయ్యి వేసినాయన దిగుతూ మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఇప్పుడున్న కరుణాకర్ గారు మూడో ఇంజనీరు. ఆయన ట్యాంకు దగ్గరకొచ్చిన రోజు నుంచీ చేతులు జేబుల్లోంచి తీయలేదు.

పైడమ్మ రోజూ పొద్దున్నే ఇంట్లో ఉన్న ఎండు కుళాయికి బొట్టు పెట్టి, బిందె తీసుకుని కింది కుళాయికి దిగేది.

ఒకరోజు తిరిగొస్తూ మెట్ల మధ్యలో కూలబడిపోయింది. బిందె మాత్రం ఒళ్ళో నిటారుగా పెట్టుకుంది, ఒక్క చుక్క పోలేదు. "కాళ్ళు నావి కావయ్యా, ఎవరివో," అని నవ్వింది. నవ్వుతుంటే కళ్ళ వెంట నీళ్ళు కారాయి. ఆ రోజు నేను బల్ల మూసేసి మునిసిపల్ ఆఫీసుకి వెళ్ళాను.

కమిషనర్ వైకుంఠరావు గారి చేతులకి వేళ్ళ కంటే ఎక్కువ ఉంగరాలున్నాయి. పక్కన కరుణాకర్ గారు జేబుల్లో చేతులతో నిలబడి ఉన్నారు.

"నీ సమస్య ఏమిటి?" అన్నారు కమిషనర్ గారు.

"కొండవీధి ట్యాంకు నీళ్ళు వదలాలండి."

"సదరు విషయము పరిశీలనలో ఉన్నది."

"చక్రం తిప్పితే చాలు కదండీ."

ఇంజనీరు గారి చేతులు జేబుల్లో ఇంకాస్త లోతుకి వెళ్ళాయి.

"సదరు చక్రమును తిప్పుటకు తగిన సిబ్బంది కొరత ఉన్నది," అన్నారు ఇంజనీరు గారు.

"నేను తిప్పుతానండి."

కమిషనర్ గారు కుర్చీలో ముందుకి జరిగారు. "నీకు భయం లేదూ?"

"దేనికండీ?"

"అదే... పైన..." అంటూ వేలితో పైకి చూపించారు.

నేను పైకి చూశాను. "ఫ్యానుకా అండీ?"

"నువ్వు దేవుణ్ణి నమ్మవా?"

"లేదండి."

"పోనీ దెయ్యాలను?"

"అవీ లేవండి. ఒకరిని వదిలేసి ఇంకొకరిని పట్టుకుంటే బాగుండదు కదండీ."

"శకునాలూ, గ్రహాలూ?"

"గొడుగులు బాగుచేస్తానండి. మబ్బు పట్టిందా లేదా అని చూస్తాను. అంతే."

కమిషనర్ గారు నన్ను ఒక వింత జంతువుని చూసినట్టు చూశారు. ఆ తర్వాత ఆయన గొంతు కాస్త తగ్గింది. "మరి పైన ఎవరూ లేకపోతే బతుక్కి అర్థమేమిటయ్యా? పొద్దున్నే ఎందుకు లేస్తున్నావు?"

"కుళాయి వస్తుందండి."

ఆయన ఉంగరాలన్నీ ఒకసారి తిప్పుకున్నారు. తర్వాత లేచి, ఇంజనీరు గారితో, "మన సంస్థలో ఇంతకాలం ఖాళీగా ఉన్న స్థానం ఏమిటో నాకిప్పుడు అర్థమైంది," అన్నారు.

ఆ విధంగా నన్ను పొరుగు సేవల పద్ధతిలో అధికారిక నాస్తికుడిగా నియమించాలని నిర్ణయం జరిగింది.

చిక్కు ఒక్కటే. నేను నిజంగా నాస్తికుణ్ణేనని ఎవరు ధ్రువీకరించాలి? కులానికి ఒక ఆఫీసు ఉంది, ఆదాయానికి ఒక ఆఫీసు ఉంది, పుట్టినందుకు ఒకటి, పోయినందుకు ఒకటి ఉన్నాయి. దేవుడు లేడన్నందుకు ఏ ఆఫీసూ లేదు. చివరికి, దేవుడి సంగతి బాగా తెలిసినవారే దీనికి అర్హులని తేల్చి, రామాలయం పురోహితులు చయనులు గారిని పిలిపించారు.

చయనులు గారిదీ నాదీ ఒకే బడి. ఆయన పై తరగతులకు వెళ్ళారు, నేను బల్ల దగ్గరకు వెళ్ళాను. ఆయన టార్చి నేనే బాగుచేస్తాను.

"సన్యాసయ్య పచ్చి నాస్తికుడండి," అన్నారాయన నిలబడే. "చిన్నప్పట్నుంచీ చూస్తున్నాను. గుడికొస్తాడు, పులిహోర తింటాడు, దండం పెట్టడు. పులిహోర బాగా కుదిరితే నా వైపు చూసి తలూపుతాడు గాని, లోపలున్న ఆయన వైపు పొరపాటున కూడా చూడడు. ఇంతటి నిష్ఠ నా భక్తుల్లో ఒక్కడికి లేదు."

ఆ మాటలు రాయించి, కింద సంతకం చేయించుకున్నారు. కమిషనర్ గారు నాతో, "ఇకనుంచి మీరు మా మనిషి," అన్నారు. పొద్దున "నువ్వు"గా వచ్చినవాణ్ణి మధ్యాహ్నానికి "మీరు"నయ్యాను.

ఇంటికొచ్చి పైడమ్మకి చెప్పాను. "ఉద్యోగమొచ్చింది."

"ఈ వయసులోనా? ఏటి పని?"

"నమ్మకపోవడం."

"దానికి జీతమా?" ఆవిడ నోటి మీద చెయ్యేసుకుంది. "నానిన్నాళ్ళూ ఊరికే తిట్టీసినాను కదయ్యా!"

అని లోపలికెళ్ళి, నాకు ఉద్యోగం ఇప్పించినందుకు దేవుడికి దీపం పెట్టింది.

మర్నాడు తువ్వాలు భుజాన వేసుకుని తిన్నగా ట్యాంకు దగ్గరకు బయల్దేరాను. దారిలోనే ఆపేశారు.

"అనుభవం లేని నాస్తికుడి చేత అంత పెద్ద పని చేయించడానికి నిబంధనలు ఒప్పుకోవు," అన్నారు ఇంజనీరు గారు. "ముందు చిన్న చిన్న వాటి మీద పరీక్షించవలసి ఉంటుంది."

మొదటిది ఒక కుర్చీ. కమిషనర్ గారి గది మూల దుప్పటి కప్పి ఉండేది. అందులో కూర్చున్నవారంతా సస్పెండయ్యారని చెప్పారు. దుప్పటి తీసి కూర్చున్నాను. ఆఫీసంతా గుమ్మం దగ్గర నిలబడి చూసింది.

"ఎలా ఉంది?" అన్నారు కమిషనర్ గారు, గుమ్మం అవతలినుంచి.

"ఒక కాలు పొట్టిగా ఉందండి," అని దాని కింద అట్టముక్క పెట్టాను.

ఆ తర్వాత జీపు. దాని నంబరు అంకెలు కలిపితే ఎనిమిది వస్తుందట. కొన్న రోజు నుంచీ షెడ్డులోనే ఉంది. నేను ముందు సీట్లో కూర్చుంటే డ్రైవరు ఊరంతా తిప్పుకొచ్చాడు. ఏమీ కాలేదు. పెట్రోలు మాత్రం అయిపోయింది. ఆ తర్వాత ఎవరూ కాపురముండని క్వార్టరు తలుపు తీశాను. లోపల గబ్బిలాలున్నాయి. నన్ను చూసి అవే వెళ్ళిపోయాయి. రాహుకాలంలో సంతకం పెట్టాల్సిన ఫైళ్ళు ముందు నా దగ్గరకొచ్చేవి. నేను అరచెయ్యి ఆనించి ఇస్తే అప్పుడు సంతకం పెట్టేవారు.

పని జరుగుతోంది కదా, నేనూ సంతోషించాను. రోజూ సాయంత్రం అడిగేవాణ్ణి. "చక్రం అండీ?"

"పరిశీలనలో ఉన్నది," అనేవారు ఇంజనీరు గారు.

అన్ని బళ్ళలోనూ నేనే కూర్చోలేను కాబట్టి డ్రైవర్లు ఒక ఉపాయం చేశారు. బండ్లకి కట్టిన నిమ్మకాయలు, పచ్చిమిరపకాయలు తీసేసి, నా పాత తువ్వాలు చింపి తలా ఒక ముక్క కట్టుకున్నారు. మూఢనమ్మకాల నిర్మూలన దిశగా నూకలపేట వేసిన తొలి అడుగు ఇది అని కమిషనర్ గారు విలేకరులను పిలిచి చెప్పారు. ఫోటోలో తువ్వాలు ముక్క బాగానే పడింది.

ఒకరోజు పన్ను కట్టడానికొచ్చిన ఆవిడ చంకలో పిల్లాడితో నా దగ్గరకొచ్చింది.

"తాతా, మా బుడ్డోడు నిద్దట్లో ఉలిక్కిపడుతున్నాడు. తల మీద చెయ్యేసి ఏమీ లేదని చెప్పు."

చెయ్యేశాను. "ఏమీ లేదమ్మా."

"ఇంకోసారి. గట్టిగా."

"ఏమీ లేదు!"

వారం తిరక్కుండా ఆవిడ మళ్ళీ వచ్చింది, ఇంకో పదిమందిని వెంటబెట్టుకుని. పిల్లాడు బాగానే ఉన్నాడట, కానీ పవరు తగ్గినట్టుందట. మర్నాటికి వరస గేటు దాటింది. ఆఫీసు వాళ్ళు టోకెన్లు పెట్టారు. నా గదికి "నిరీశ్వర విభాగం" అని బోర్డు కట్టారు. జనం చెప్పులు బయట విప్పి లోపలికొచ్చేవారు.

"చెప్పులెందుకు విప్పుతున్నారు?" అని ఒక పెద్దాయన్ని అడిగాను.

"మీ దగ్గరికి కదండీ," అన్నాడాయన, నాకు తెలీనట్టు.

నేను అందరికీ ఉన్నమాటే చెప్పాను. ఏమీ లేదని. ఇంతకుముందు బజార్లో ఆ మాటంటే దెబ్బలాటకొచ్చినవాళ్ళే ఇప్పుడు కళ్ళు మూసుకుని, చేతులు జోడించి విన్నారు.

పేరు పెరిగేకొద్దీ నిబంధనలూ పెరిగాయి. ఒకరోజు గడప కాలి వేలికి కొట్టుకుని "రామ రామ" అన్నాను. సాయంత్రానికి మెమో వచ్చింది. "విధి నిర్వహణలో ఉండగా తమరు దేవుని పేరు రెండు పర్యాయములు ఉచ్చరించినందున, తమ అవిశ్వాసము పలుచబడినట్లు ఏల భావించరాదో సంజాయిషీ ఇచ్చుకొనవలెను."

సంజాయిషీ చయనులు గారి చేత రాయించాను. నేను దేవుణ్ణి పిలవలేదు, గడప తగిలింది, అని చెప్పాను. ఆయన దాన్ని ఒక పేజీ చేశారు. దాంతో మెమో వెనక్కి తీసుకున్నారు గాని, ఇకమీదట గుడి పులిహోర తినకూడదని షరతు పెట్టారు. నాస్తికుడిగా నా జీవితంలో నాకు కలిగిన మొదటి కష్టం అది.

అదే ఊపులో చయనులు గారికీ ఉద్యోగమిచ్చారు. దుర్ముహూర్త సలహాదారు. నాస్తికుడు మంచి సమయంలో పనిచేస్తే అందులో గొప్పేముంది, అని కమిషనర్ గారికి సందేహమొచ్చింది. "మంచి ముహూర్తంలో జరిగిన పని దేవుడి ఖాతాలో పడుతుంది. మన విభాగానికి పేరు రాదు," అన్నారు. కాబట్టి నేను కుర్చీలో కూర్చోవాలన్నా, ఫైలు ముట్టుకోవాలన్నా చయనులు గారు పంచాంగం చూసి, ఫలానా చెడ్డ ఘడియ అని రాసివ్వాలి. ఒకరోజు మంగళవారం, అమావాస్య, అన్నీ కుదిరాయనుకుంటే మధ్యలో కాస్త మంచి సమయం దూరింది. అది పోయేదాకా నన్ను వరండాలో నిలబెట్టారు.

"ఒరే సన్యాసీ," అన్నారు చయనులు గారు టీకొట్టు దగ్గర, గ్లాసు ఊదుకుంటూ. "ఇన్నేళ్ళూ మంచి సమయాలు వెతికి పెడితే, కొంచెం ముందుకి జరపండి పంతులుగారూ, హాలు ఖాళీ లేదు, అని బేరమాడేవారు. చెడ్డ సమయం విషయంలో ఒక్కడూ బేరమాడటం లేదురా. నిమిషం తేడా వస్తే ఒప్పుకోవడం లేదు. నీ పుణ్యమా అని శాస్త్రానికి గౌరవం పెరిగింది."

"పుణ్యం లేదు కదండీ."

"నోరు జారాను. మెమో ఇస్తారేమో, ఎవరికీ చెప్పకు."

చక్రం సంగతి అడగ్గా అడగ్గా చివరికి సమావేశం పెట్టారు. అన్ని పనుల్లోకీ అది పెద్దది కాబట్టి అన్ని సమయాల్లోకీ చెడ్డది దానికి కావాలన్నారు. చయనులు గారు రాబోయే ఏడాది పంచాంగం కూడా తెప్పించి, కళ్ళజోడు తుడుచుకుని చూశారు.

"వచ్చే ఏడు ఆషాఢ అమావాస్య మంగళవారం పడిందండి. సాయంత్రం రాహుకాలంలోనే వర్జ్యం కూడా. ఇంతకంటే దరిద్రమైన ఘడియ నేను వెతకలేను."

"అద్భుతం!" అన్నారు కమిషనర్ గారు. "ఖాయం చేయండి."

"వచ్చే ఏడా అండీ?" అన్నాను.

"మంచి పనికి తొందర పనికిరాదు. ఇంకో మాట," అని ఇంజనీరు గారు గొంతు సవరించుకున్నారు. "మీ గృహమునందు నిత్యము పూజ జరుగుచున్నట్లు సమాచారమున్నది. ఆ పొగ, ఆ గంట, ఇవన్నీ తమ అవిశ్వాసమునకు హాని చేయును. కావున ఆషాఢం వరకు మీ శ్రీమతి గారిని వేరే చోట ఉంచవలెను."

నేను లేచి బయటికొచ్చాను. ఇంటికొచ్చేసరికి పైడమ్మ మోకాళ్ళకి నూనె రాసుకుంటోంది. జరిగింది చెప్పాను. ఆవిడ చెయ్యి ఆగింది.

"వచ్చే ఆషాఢమా?"

"ఆ."

"నన్ను ఎలిపొమ్మన్నారా?"

"ఆ."

"నువ్వేటన్నావు?"

"ఏమీ అనలేదు."

"ఏనాడు అన్నావు గనక." నూనె సీసా మూత గట్టిగా తిప్పింది. "రేపు గురువారం. మంచిరోజు. నాను తిప్పుతాను, నడు."



మర్నాడు తెల్లారాక తలస్నానం చేసి, పళ్ళెంలో కొబ్బరికాయ, కర్పూరం, పసుపు, కుంకుమ, దీపం నూనె సర్దుకుని బయల్దేరింది. ఇంటి నుంచి ట్యాంకుకి కొన్ని మెట్లే, కానీ ప్రతి మలుపులోనూ కూర్చుని లేచింది. నేను పక్కనే నడిచాను. చెయ్యి అందిస్తే పట్టుకోలేదు గాని, వద్దని కూడా అనలేదు. వీధిలో ఆడవాళ్ళంతా ఎక్కడి పని అక్కడ వదిలేసి వెనకాలే వచ్చారు.

ఎవరు కబురు చేశారో గాని, మేం పైకి చేరేసరికి కొండ వెనక దారిన జీపు వచ్చింది, ముందు నా తువ్వాలు ముక్క ఊగుతూ. కమిషనర్ గారు దూకారు. వెనక ఇంజనీరు గారు, చంకలో పంచాంగంతో చయనులు గారు.

"ఆగండమ్మా!" అన్నారు కమిషనర్ గారు రొప్పుతూ. "ఇప్పుడు తిప్పకండి! చాలా ప్రమాదం! ఇప్పుడు అమృత ఘడియలు!"

పైడమ్మ చయనులు గారి వైపు చూసింది. "నిజమేనా, పంతులుగారూ?"

ఆయన పంచాంగం తెరిచారు. మనిషి అబద్ధమాడలేడు. "నిజమేనమ్మా. ఈ నెలలో ఇంతకంటే మంచి ముహూర్తం లేదు."

"మరింకేటి?" అని ఆవిడ చక్రానికి పసుపు రాసి బొట్టు పెట్టింది. కొబ్బరికాయ కొట్టింది. కర్పూరం వెలిగించింది. "తల్లీ, నీదే భారం," అని రెండు చేతులతో చక్రం పట్టుకుని తిప్పింది.

చక్రం కదల్లేదు.

మళ్ళీ తిప్పింది. కదల్లేదు. ఆడవాళ్ళు గుసగుసలాడారు. పైడమ్మ మొహం పాలిపోయింది. ఆవిడకి భయం వేసింది చక్రమంటే కాదు. తన మాట ఆ తల్లికి చేరలేదేమోనని.

"చూశారా!" అన్నారు కమిషనర్ గారు దూరం నుంచే. "సదరు శక్తి సామాన్యమైనది కాదు!"

నేను వంగి చూశాను. ఇరుసు చుట్టూ తుప్పు. ఎవరూ ముట్టకపోతే ఇనుము చేసే పని అదే.

"ఆ నూనె ఇలా ఇయ్యి," అన్నాను.

"అది దేవుడి దీపం నూనె."

"రెండు చుక్కలు."

నా మొహంలోకి చూసింది. తర్వాత నూనె తనే ఒంపింది. రెండు చుక్కలు కాదు, సీసా మొత్తం. కాసేపు నాననిచ్చాం. అప్పుడు ఆవిడ ఒక పక్క, నేనొక పక్క పట్టుకున్నాం. ఆవిడ "గోవిందా" అంది. నేను ఊపిరి బిగబట్టాను. చక్రం ఒక్క కేక పెట్టి కదిలింది.

గొట్టంలో ముసలాడెవరో గొంతు సవరించుకున్నట్టు చప్పుడు. ఆ వెంటనే కింద ఎవరో అరిచారు. "వచ్చాయి! వచ్చాయి!"

ఇక్కడొక సంగతి చెప్పాలి. కుళాయిలు బిగించిన రోజు నుంచీ మా వీధివాళ్ళు వస్తాయేమో, వస్తాయేమో అని తిప్పి చూసి, అలాగే తెరిచి వదిలేశారు. ఏ ఇంట్లోనూ కుళాయి కట్టి లేదు. నీళ్ళు అన్ని ఇళ్ళలోనూ ఒక్కసారే పొంగి, గుమ్మాలు దాటి మెట్ల మీద పడ్డాయి. పైన చూస్తున్న ఆడవాళ్ళంతా "నా బియ్యం! నా మంచం!" అని అరుచుకుంటూ, నవ్వుకుంటూ కిందకి పరిగెత్తారు. వీధంతా సెలయేరైంది. పిల్లలు మెట్ల మీదే స్నానాలు మొదలెట్టారు. ఎవరిదో చెప్పు ఒకటి అందరికంటే ముందు బజారుకి చేరింది.

అంతలో కమిషనర్ గారి ఫోను మోగింది.

అందరూ కొయ్యబారిపోయారు. ఆయన ఫోనుని ఉంగరాల చేత్తో చెవి దగ్గర పెట్టుకున్నారు. "ఆ... ఆ... సరే... సరే..." మొహాన చెమట పట్టింది.

"బదిలీయా సార్?" అన్నారు ఇంజనీరు గారు, ఒకడుగు వెనక్కి వేసి.

"కరివేపాకు," అన్నారు కమిషనర్ గారు. "వచ్చేటప్పుడు తెమ్మంటోంది."

కరుణాకర్ గారు నిట్టూర్చి, చెమట తుడుచుకోడానికి చేతులు జేబుల్లోంచి తీశారు. అప్పుడే మొదటిసారి చూశాను. మామూలు చేతులే.

తర్వాత విచారణ జరిగింది. నీళ్ళు భక్తి వల్ల వచ్చాయా, నాస్తికత్వం వల్ల వచ్చాయా అన్నది ప్రశ్న. చక్రానికి ఎవరి చెయ్యి ఏ పక్కన ఉందో బొమ్మ గీయించారు. ఎవరు ఎక్కువ తిప్పారని నన్ను అడిగారు. తెలీదండి అన్నాను. పైడమ్మని అడిగితే, "సంసారంలో ఎవరెక్కువ తిప్పారో మీ ఇంట్లో లెక్కుందా బాబూ?" అంది. నూనె సంగతి ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. చివరికి నివేదిక వచ్చింది. "సదరు నీరు ఎవరి శక్తి వలన వచ్చినదో నిర్ధారణ కానందున, వచ్చిన నీటిని తాత్కాలికముగా వచ్చినట్లు పరిగణించడమైనది."

శుభ ఘడియలో, పూజానంతరం, భార్యాసమేతంగా విధి నిర్వహించినందున నా నాస్తికత్వం కల్తీ అయిందని నన్ను ఉద్యోగంలోంచి తీసేశారు. బోర్డు కూడా పీకేశారు. నేను బల్ల దగ్గరకు, చయనులు గారు మంచి సమయాల దగ్గరకు వెళ్ళిపోయాం. "మళ్ళీ బేరాలు మొదలయ్యాయిరా," అని మొత్తుకుంటూ ఆయన ఆ సాయంత్రమే పులిహోర పొట్లం తెచ్చి నా బల్ల మీద పెట్టారు. తిని, ఆయన వైపు చూసి తలూపాను.

బదిలీల కాలం రాగానే అందరితో పాటు కమిషనర్ గారూ వెళ్ళిపోయారు. "నేను చక్రం ముట్టుకోలేదు, చూశానంతే," అని వెళ్ళేటప్పుడు కూడా అందరికీ చెప్పారట. చక్రానికి ఇప్పుడు ఒక పక్క పసుపు కుంకుమలున్నాయి, ఇంకో పక్క నా తువ్వాలు ముక్క కట్టి ఉంది. పంపుల మనిషి రెంటికీ దణ్ణం పెట్టి తిప్పుతున్నాడు. నెలకోసారి నూనె మాత్రం నేను వెళ్ళి వేసొస్తున్నాను.

నీళ్ళు ఇంట్లోకే వస్తున్నాయి. పొద్దున్నే లేవాల్సిన పనిలేదు. అయినా అదే వేళకి మెలకువ వచ్చేస్తోంది. మొదట్లో ఏం చెయ్యాలో తెలిసేది కాదు. తర్వాత పొయ్యి వెలిగించి కాఫీ పెట్టడం మొదలుపెట్టాను. పైడమ్మ లేచి, గ్లాసు ముందు దేవుడి పటానికి చూపించి, అప్పుడు తాగుతుంది. అంతసేపూ నేను ఎదురు చూస్తాను.

"ఆయన తాగడు కదా, నీకేటి తొందర?" అంటుంది.

"చల్లారిపోతుంది," అంటాను.

దేవుడి బిందె మాత్రం ఆవిడే పడుతుంది. కుళాయి వంటింటి గుమ్మంలోనే ఉంది. మెట్లు లేవు. అయినా నన్ను ముట్టనివ్వదు.

మొన్న వర్షం పడి చలిగాలి వేసిన రోజు ఆవిడ మోకాళ్ళు బిగుసుకుపోయాయి. మంచం మీద లేచి కూర్చుంది గాని, కాళ్ళు కింద పెట్టలేకపోయింది. దేవుడి గూటి వైపు చూసింది. ఇత్తడి బిందె వైపు చూసింది. చాలాసేపటికి నా వైపు చూసింది.

"ఆ బిందె పట్టీ అయ్యా."

"నా చేతి నీళ్ళు ముట్టడన్నావుగా?"

"సర్దుకుంటాడులే," అంది. "నానిన్నేళ్ళు నీతో సర్దుకోలేదా?"

బిందె చింతపండు పెట్టి తోమాను. రెండుసార్లు కడిగి, కుళాయి కింద పెట్టాను. ఆయన లేడు. అందులో నాకేమీ అనుమానం లేదు. అయినా బిందె వెలితిగా పట్టడం నాకు చేతకాదు. అంచుదాకా నింపి, చుక్క ఒలక్కుండా తీసుకెళ్ళి, ఆవిడ చెప్పిన చోట పెట్టాను.